ఇంజను చప్పుడు - పెన్షనరు జేబు

(మన సంఘం నెలవారీ సమావేశంలో, బస్సు డిపో వర్క్‌షాపు ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేసిన సభ్యులొకరు ఇచ్చిన ప్రసంగ పాఠం)



పెన్షను లెక్కలు, కరువు భత్యం బకాయిలు మాట్లాడుకునే చోట కారు చప్పుళ్ళ గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరారు. కారణం లేకపోలేదు. మన సభ్యుల్లో చాలామంది దగ్గర ఉన్నవి పాత కార్లు. ఉద్యోగంలో ఉండగా అప్పు చేసి కొన్నవి కొన్ని, పిల్లలు కొత్తవి కొనుక్కుని మనకు వదిలిపెట్టినవి కొన్ని. వాటితో మనం విహారయాత్రలు చేయడం లేదు. ఆసుపత్రికి, బ్యాంకుకు, గుడికి, పెళ్ళికి వెళ్ళి వస్తున్నాం. మోకాళ్ళు సహకరించని ఇంటావిడను ఆటో ఎక్కించడం ఎంత కష్టమో తెలిసినవారికి ఆ కారు విలువ తెలుస్తుంది. అలాంటి కారు ఒకరోజు పొద్దున్నే 'టక టక' మంటుంది. షెడ్డుకు తీసుకుపోతే, "ఇంజను దింపాలి సార్" అంటారు. ఆ ఒక్క మాటకు మన నెల బడ్జెట్టు కాదు, ఏడాది బడ్జెట్టే తలకిందులవుతుంది.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒకటే మాట. చప్పుడు వినగానే డబ్బు తీయకండి, ముందు చెవి పెట్టండి. ఏ చప్పుడుకు తొందర లేదో, ఏ చప్పుడుకు ఆ క్షణమే కారు ఆపాలో తెలిస్తే చాలు. మనం మెకానిక్కులం కానక్కరలేదు.

అడగవలసిన నాలుగు ప్రశ్నలు

డాక్టరు దగ్గరకు వెళితే మందు రాసేముందు ఆయన నాలుగు ప్రశ్నలు అడుగుతాడు. నొప్పి ఎప్పుడొస్తుంది, ఎక్కడొస్తుంది, ఏం చేస్తే పెరుగుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది అని. కారుకూ అవే ప్రశ్నలు. ఒక చిన్న పుస్తకంలో ఈ జవాబులు రాసుకోండి.

మొదటిది: చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కిన తరువాతా? పొద్దున్నే లేచినప్పుడు మన మోకాళ్ళు కూడా చప్పుడు చేస్తాయి. నాలుగడుగులు వేస్తే సర్దుకుంటాయి. ఇంజను కూడా అంతే. చల్లగా ఉన్నప్పుడు వినిపించి, వేడెక్కాక తగ్గే చప్పుడు చాలావరకు ఆగగలిగినదే. వేడెక్కిన కొద్దీ పెరిగే చప్పుడును మాత్రం అనుమానించాలి. వేడికి ఆయిలు పలచబడుతుంది. అరిగిన బేరింగులో సందు ఎక్కువగా ఉంటే ఆ పలచని ఆయిలు దాన్ని కాపాడలేదు.

రెండవది: చప్పుడు ఇంజను వేగంతో మారుతోందా, చక్రాల వేగంతో మారుతోందా? బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండు బ్రేకు లాగి, యాక్సిలరేటరు కొద్దిగా తొక్కండి. చప్పుడు వస్తే అది ఇంజను వైపుది. నిలబడినప్పుడు రాక, నడిచేటప్పుడే వస్తుంటే చక్రం బేరింగో, బ్రేకో, ఏక్సిల్ జాయింటో కావచ్చు. మలుపు తిప్పేటప్పుడు మాత్రమే 'టకటక' మంటే ముందుచక్రాల కార్లలో ఏక్సిల్ జాయింటును చూడమనండి. చక్రం బేరింగు చప్పుడుకు ఇంజను విప్పించుకున్నవారిని నా సర్వీసులో చూశాను.

మూడవది: బరువు పడినప్పుడా, ఖాళీగా ఉన్నప్పుడా? ఫ్లయ్‌ఓవరు ఎక్కేటప్పుడు, నలుగురు కూర్చున్నప్పుడు, ఏసీ వేసినప్పుడు తేడా గమనించండి.

నాలుగవది: క్లచ్ తొక్కితే మారుతోందా? బండి న్యూట్రల్‌లో నిలిపి ఉంచి క్లచ్ పెడలు నెమ్మదిగా తొక్కండి. తొక్కినప్పుడే చప్పుడు మొదలైతే క్లచ్ రిలీజు బేరింగు మీద అనుమానం. తొక్కితే చప్పుడు పోతుంటే గేరుబాక్సు లోపలి బేరింగు మీద అనుమానం. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

చప్పుళ్ళకు పేర్లు

మన ఇంట్లో వినిపించే చప్పుళ్ళతోనే వీటిని గుర్తుపెట్టుకోవచ్చు. వంటింటి చప్పుళ్ళు కొన్ని ఉన్నాయి కాబట్టి ఇది సోదరీమణులకు మనకంటే బాగా తెలుస్తుంది.

కుట్టుమిషను చప్పుడు: ఇంజను పైభాగం నుంచి సన్నగా, క్రమంగా 'టిక్ టిక్' మంటుంది. ఇది టాపెట్ల చప్పుడు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే వాల్వులను నడిపే క్యాము ఒక చుట్టే తిరుగుతుంది. అందుకే ఈ చప్పుడు ఇంజను వేగంలో సగంగా వినిపిస్తుంది. ముందు ఆయిలు మట్టం చూడండి. ఆయిలు సరిగా ఉంటే, చాలా పాత ఇంజన్లలో టాపెట్ సెట్టింగు చేయిస్తే సరిపోతుంది. అది సర్వీసింగులో భాగమే గాని, ఇంజను దింపే పని కాదు.

రోకలి పోటు: ఇంజను కిందిభాగం నుంచి లావుగా, బరువుగా 'దబ్ దబ్' మంటుంది. వేడెక్కితే, బరువు పడితే పెరుగుతుంది. ఇది కనెక్టింగ్ రాడ్డు బేరింగో, క్రాంకు బేరింగో అరిగిన చప్పుడు కావచ్చు. దీన్ని తేలికగా తీసుకోరాదు.

పేలాలు వేగే చప్పుడు: ఎత్తు ఎక్కేటప్పుడు, పెద్ద గేరులో ఇంజనును ఈడ్చేటప్పుడు 'చిటపట' మంటుంది. పెట్రోలు సిలిండరులో సక్రమంగా కాలక, అదుపు తప్పి ఒక్కసారిగా పేలే చప్పుడు ఇది. లోపల మసి పేరుకున్నా, ఇంజను ఎక్కువ వేడెక్కుతున్నా, పాత బండ్లలో టైమింగు ముందుకు జరిగినా వస్తుంది. ముందు గేరు తగ్గించి చూడండి. చప్పుడు ఆగితే కొంత లోపం మన తోలే తీరులోనే ఉందన్నమాట. గేరు తగ్గించినా రోజూ వస్తుంటే మాత్రం చూపించాలి. ఎక్కువ కాలం వదిలేస్తే పిస్టన్లు దెబ్బతింటాయి.

కీచుమనే చప్పుడు: స్టార్టు చేయగానే, వానలో తడిస్తే, ఏసీ వేస్తే, లైట్లు వేస్తే పెరుగుతుంది. ఇది ఫ్యాను బెల్టు జారే చప్పుడు. బెల్టు వదులుగానైనా ఉండాలి, ఎండి పగిలైనా ఉండాలి. ఇంత గొంతు చించుకునే చప్పుడుకు ఇంత తక్కువలో పోయే రిపేరు ఇంకొకటి లేదు.

తిరగలి చప్పుడు: 'గర్ గర్' మని రాయి మీద రాయి తిరిగినట్టు ఉంటుంది. డైనమో, వాటర్ పంపు, ఏసీ కంప్రెసరు, బెల్టు పుల్లీ - వీటిలో ఏదో ఒక బేరింగుది. మెకానిక్కు చేత బయటి బెల్టు తీయించి ఇంజనును అర నిమిషం మాత్రం తిప్పించండి. చప్పుడు పోతే ఇంజను నిర్దోషి. చాలా కార్లలో ఆ బెల్టే వాటర్ పంపునూ తిప్పుతుంది. అందుకే అర నిమిషం దాటనివ్వకండి.

రేకుల గలగల: ఒక్క వేగం దగ్గరే 'గలగల' మని, కొంచెం పెంచినా తగ్గించినా పోతుంది. సైలెన్సరు గొట్టం మీద వేడి అడ్డుకోవడానికి బిగించిన రేకు తుప్పు పట్టి వదులైతే ఇలా మోగుతుంది. ఒక క్లిప్పు బిగిస్తే పోతుంది.

వీటికి తోడు ఇంజను కింద ఉండే రబ్బరు మౌంటింగులు ఒకటుంది. అవి చితికిపోతే స్టార్టు చేసేటప్పుడు, ఆపేటప్పుడు 'ధన్' మని తగులుతుంది, నిలబడినప్పుడు బండి వణుకుతుంది. అయితే మారుతి 800 వంటివి మూడు సిలిండర్ల ఇంజన్లు. వాటికి నిలబడినప్పుడు కాస్త వణుకు పుట్టుకతోనే ఉంటుంది. 1983 నుంచి 2014 వరకు తయారైన ఆ బండి మనలో చాలామందికి మొదటి కారు. దాని వణుకును రోగమనుకుని డబ్బు పోయకండి.

ఒక ముఖ్యమైన మాట. చప్పుడు లేదంటే ఆరోగ్యమని కాదు. టైమింగు బెల్టు ఉన్న ఇంజన్లలో ఆ బెల్టు సాధారణంగా ఏ హెచ్చరికా లేకుండానే తెగుతుంది. తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు వంగిపోతాయి. కారుతో ఇచ్చిన పుస్తకంలో అది ఎన్ని కిలోమీటర్లకు, ఎన్నేళ్ళకు మార్చాలో ఉంటుంది. మనం తక్కువ తిరుగుతాం కాబట్టి కిలోమీటర్లు కాకపోయినా ఏళ్ళు నిండుతాయి. అక్కడ పొదుపు పనికిరాదు.

ఖర్చు లేని పరికరాలు

మొదటి పరికరం డిప్‌స్టిక్కు. బండిని చదునైన చోట ఆపి, ఇంజను ఆపిన కొద్ది నిమిషాల తరువాత తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూడండి. నెలకు రెండుసార్లు చూస్తే చాలు. ఏ చప్పుడుకైనా మొదటి పరీక్ష ఇదే.

రెండవది పొడవాటి స్క్రూడ్రైవరు. మొనను అనుమానం ఉన్న భాగం మీద ఆనించి, పిడిని చెవి ముందరి ఎముకకు ఆనిస్తే చప్పుడు ఎక్కడిదో తెలుస్తుంది. డాక్టరు స్టెతస్కోపు వంటిదే. గాలి, పొగ లీకయ్యే చప్పుడుకైతే స్క్రూడ్రైవరు పనికిరాదు. మొక్కలకు నీళ్ళు పోసే గొట్టం ముక్క ఒక కొసను చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను ఇంజను చుట్టూ తిప్పండి.

మూడవది మనవడి చెవి. నవ్వకండి. వయసు మీద పడ్డకొద్దీ ముందుగా సన్నని, కీచు శబ్దాలు వినే శక్తి తగ్గుతుంది. మనకు వినపడని బెల్టు కీచు పిల్లలకు వినపడుతుంది.

నాలుగవది సెల్‌ఫోను. పొద్దున్నే వచ్చే చప్పుడు షెడ్డుకు చేరేసరికి మాయమవుతుంది. అప్పుడు మెకానిక్కు మనల్ని చూసి చిన్నగా నవ్వుతాడు. మొదటి స్టార్టు నుంచి రెండు నిమిషాలు రికార్డు చేయించి ఉంచండి.

ఇక జాగ్రత్తలు. మూసిన గ్యారేజీలో ఇంజను నడపకండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది. ఉత్తరీయం, తువాలు, చీర కొంగు, వదులు చొక్కా చేతులు బెల్టు దరిదాపులకు రానివ్వకండి. రేడియేటరు దగ్గరి కరెంటు ఫ్యాను కొన్ని కార్లలో ఇంజను ఆపిన తరువాత కూడా దానంతట అదే తిరుగుతుంది. ప్లగ్గుల తీగలు మీ చేత్తో పీకకండి. ఆ షాకు మన వయసుకు మంచిది కాదు. ముఖ్యంగా పేస్‌మేకరు ఉన్నవారు దాని జోలికే పోవద్దు.

ఒక మిత్రుని ఉదంతం

మన సభ్యుల్లోనే ఒకరి అనుభవం, వారి అనుమతితో చెబుతున్నాను. వారిది 2009 మోడలు చిన్న పెట్రోలు కారు. వారి శ్రీమతికి పక్షవాతం వచ్చి తగ్గింది. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకువెళ్ళాలి. బండి పొద్దున్నే గట్టిగా 'టక టక' మనడం మొదలుపెట్టింది. చూపిస్తే, "రాడ్డు బేరింగు పోయింది, ఇంజను దింపాలి, నలభై వేలవుతుంది" అన్నారు. వారు ఫిక్సెడ్ డిపాజిట్ రద్దు చేయడానికి బ్యాంకుకు బయలుదేరే ముందు, మాటవరసకు నాకు ఫోను చేశారు.

నేను అడిగింది పై ప్రశ్నలే. "పొద్దున్నే ఎక్కువ, పది నిమిషాలు నడిపితే దాదాపు ఉండదు" అన్నారు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. రాడ్డు బేరింగు చప్పుడు వేడికి పెరగాలి గాని తగ్గకూడదు కదా! మరునాడు పొద్దున్నే, రాత్రంతా చల్లబడిన ఇంజనును స్టార్టు చేయించి, గొట్టం ముక్కతో చుట్టూ విన్నాను. ఆయిలు సరిగా ఉంది. ఇంజను కిందివైపు ఏమీ లేదు. సైలెన్సరు గొట్టం ఇంజనుకు అతికే చోట, అంటే మానిఫోల్డు దగ్గర, 'ఫట్ ఫట్' మని పొగ కొడుతోంది. టార్చిలైటు వేసి చూస్తే అక్కడ మసి చార కనిపించింది. గ్యాస్కెట్ కాలిపోయింది, ఒక బోల్టు వదులైంది. ఇనుము వేడెక్కి వ్యాకోచించగానే ఆ సందు మూసుకుంటుంది. అందుకే పది నిమిషాలకు చప్పుడు పోతోంది.

గ్యాస్కెట్, బోల్టు, కూలి అంతా కలిపి రెండు వేలు దాటలేదు. డిపాజిట్ బ్యాంకులోనే ఉంది, ఆ అమ్మగారి ఫిజియోథెరపీ ఒక్కరోజు కూడా ఆగలేదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తబోయారు, అంతే. ఆ షెడ్డువారు మోసగాళ్ళని నేను అనను. 'టక టక' అనే చప్పుడు రెండింటికీ ఒకేలా ఉంటుంది. వారు వేడి బండిని చూడలేదు, చల్లని బండిని వినలేదు. తొందరలో చెప్పిన రోగనిర్ణయం అది.

దీనికి ఎదురుగా ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆయిలు దీపం ఎర్రగా వెలుగుతుంటే, "ఇంటికి మూడు కిలోమీటర్లే కదా" అని నడుపుకుంటూ వచ్చిన బండి ఒకటి మా వర్క్‌షాపు పక్కనే ఉన్న షెడ్డుకు తాడు కట్టి లాక్కొచ్చారు. ఇంజను బిగుసుకుపోయింది. ఒక డబ్బా ఆయిలుతో పోవలసింది ఇంజనంత ఖర్చయింది. భయపడి డబ్బు పోసినా నష్టమే, నిర్లక్ష్యం చేసినా నష్టమే.

వెంటనే ఆపవలసినవి

ఈ నాలుగూ కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి.

1. నడుస్తుండగా ఆయిలు దీపం వెలిగితే పక్కకు తీసి ఇంజను ఆపేయండి. ఆయిలు పోసినా దీపం ఆరకపోతే బండిని లాక్కెళ్ళాలి గాని నడపకూడదు.

2. రోకలి పోటు వంటి లావు చప్పుడు హఠాత్తుగా మొదలైతే ఆపేయండి.

3. వేడి ముల్లు ఎర్రగీత దాటి, చప్పుడు మారితే ఆపేయండి. రేడియేటరు మూత మాత్రం పూర్తిగా చల్లారేదాకా తీయకండి.

4. ఇనుము ఇనుమును రాసుకుంటున్నట్టు చప్పుడు వస్తే, అది ఇంజనుదైనా బ్రేకుదైనా, ఆపి చూపించండి.

మిగిలిన చప్పుళ్ళకు ఒకటి రెండు రోజులు గమనించే వ్యవధి దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

మెకానిక్కుతో మాట్లాడే తీరు

"టాపెట్లు చూడు" అని మనమే రోగం పేరు చెప్పకూడదు. లక్షణాలు చెప్పాలి. "పొద్దున్నే వస్తుంది, పది నిమిషాలకు పోతుంది, ఏసీతో సంబంధం లేదు" అని చెబితే మంచి మెకానిక్కుకు సగం పని అయినట్టే.

పెద్ద రిపేరు అంటే మర్యాదగా ఒక్క ప్రశ్న అడగండి: "ఏ పరీక్ష చేసి చూశావు బాబూ?" రాడ్డు బేరింగు అని అనుమానం ఉంటే, ఒక్కొక్క సిలిండరుకు ప్లగ్గు కనెక్షను తీసి చూస్తారు. ఏ సిలిండరు ఆపితే చప్పుడు తగ్గుతుందో అక్కడ తప్పు ఉంటుంది. ఆయిలు ప్రెషరు గేజి పెట్టి చూస్తారు. ఆయిలు దించి, అందులో మెరుగులు ఉన్నాయేమో, అయస్కాంతానికి అంటుకుంటాయేమో చూస్తారు. బేరింగు లోహం చాలావరకు అయస్కాంతానికి అంటదు, ఇనుప రజను అంటుతుంది. ఇవన్నీ ఇంజను దింపకుండా చేసే పరీక్షలు. ఇవి చేయకుండా దింపుతానంటే ఇంకొక చోట చూపించండి. ఎస్టిమేటు కాగితం మీద రాయించుకోండి, మార్చిన పాత భాగాలు అడిగి తీసుకోండి.

చప్పుడు మాయం చేసే చిక్కటి మందు పోస్తామంటే ఒప్పుకోకండి. దానివల్ల చప్పుడు కొన్నాళ్ళు అణగవచ్చు గాని, అరిగిన బేరింగు తిరిగి పెరగదు. పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిలే పోయించండి.

చివరగా ఒక కఠినమైన మాట. పరీక్షలన్నీ చేశాక ఇంజను నిజంగానే పోయిందని తేలితే, ఆ ఖర్చు ఆ బండి అమ్మకం ధరకు దగ్గరగా వస్తుంటే, దాన్ని వదిలేయడం ఓటమి కాదు. ఆ డబ్బుతో ఎన్ని నెలలు టాక్సీ పిలుచుకోవచ్చో ఇంట్లో కూర్చుని లెక్కవేసుకోండి. పిల్లలు చెప్పారని బాధతోనో, పంతంతోనో కాకుండా, లెక్క చూసుకుని నిర్ణయించండి. ముప్పై, ముప్పై ఐదేళ్ళు ప్రభుత్వ లెక్కలు చూసిన మనకు సొంత లెక్క కష్టం కాదు.

మన సభ్యులెవరికైనా ఇలాంటి సందేహం వస్తే, డబ్బు కట్టేముందు సంఘం కార్యాలయంలో ఒక మాట చెప్పండి. వర్క్‌షాపుల్లో పనిచేసి రిటైరైనవాళ్ళం నాలుగైదుగురం ఉన్నాం. మా చేతులకు మునుపటి బలం లేకపోయినా, మాలో ఒకరిద్దరి చెవులు ఇంకా పనిచేస్తున్నాయి. ఫీజు ఏమీ లేదు, కాఫీ ఇస్తే చాలు.